విదేశాల్లో టాక్సీకి డబ్బు కట్టడం: యాప్, కార్డు, నోట్లు అన్నీ వాడాక

పని మీద ఏళ్ల తరబడి దేశాలు తిరుగుతున్నాను కాబట్టి, టాక్సీకి డబ్బు కట్టే పద్ధతుల్లో నేను వాడనిది దాదాపు లేదు. తీర్పు ముందే చెప్పేస్తాను. యాప్‌లో పెట్టుకున్న క్రెడిట్ కార్డుకి మొదటి స్థానం. పర్సులో ఉండే ఫారెక్స్ కార్డుకి, అంటే విదేశీ కరెన్సీ ముందే నింపుకునే కార్డుకి, రెండోది. నోట్లకి మూడోదే, కానీ అవి లేకుండా ఎయిర్‌పోర్టు గేటు దాటను. డెబిట్ కార్డుకి నా లిస్టులో చోటు లేదు, ఎందుకో కింద చెప్తా.

యాప్‌కి మొదటి స్థానం ఇచ్చింది చార్జీ తక్కువని కాదు. చాలాసార్లు మీటర్ టాక్సీయే చవక. యాప్‌లో అయితే ఎంతవుతుందో ఎక్కేముందే దాదాపుగా తెలిసిపోతుంది, దిగేటప్పుడు బేరం ఉండదు, రసీదు ఈమెయిల్‌కి వచ్చేస్తుంది. ఆఫీసులో బిల్లులు పెట్టుకునేవాళ్లకి ఈ చివరి ముక్క విలువ తెలుసు. కాగితం రసీదు అయితే నెల తిరిగేలోపు అక్షరాలు వెలిసిపోతాయి, అకౌంట్స్ వాళ్లు మనల్ని దొంగని చూసినట్టు చూస్తారు.

అయితే ఏ దేశానికి ఏ యాప్ అన్నది వెళ్లేముందే చూసుకోవాలి. ఆగ్నేయాసియాలో ఉబర్ తన వ్యాపారాన్ని 2018 మార్చిలో అక్కడి టాక్సీ యాప్ గ్రాబ్‌కి అమ్మేసి తప్పుకుంది. సింగపూర్, మలేసియా, వియత్నాం లాంటి చోట్ల గ్రాబ్ పెట్టుకోవాల్సిందే. చైనాలో అలిపే అనే చెల్లింపుల యాప్ వేసుకుంటే దాని లోపలే అక్కడి టాక్సీ సర్వీసు డీడీ ఉంటుంది. 2023 నుంచి విదేశీ కార్డులు దానికి సులువుగా జత అవుతున్నాయి. 200 యువాన్లు దాటిన చెల్లింపుకి 3 శాతం రుసుము, అంతకు లోపైతే ఏమీ లేదు. ఊళ్లో తిరిగే టాక్సీ చార్జీ ఆ గీత దాటడం అరుదు కాబట్టి నాకు ఇది బాగా నచ్చింది.

కార్డు జత చేయడం మాత్రం ఇంట్లో ఉండగానే అయిపోవాలి. బ్యాంకు ఓటీపీ వచ్చేది సొంత నంబరుకి. అక్కడ దిగాక కొనుక్కున్న డేటా ఈ-సిమ్‌కి ఆ మెసేజ్ రాదు. అందుకే పాత సిమ్ తీసి పక్కన పెట్టను, డేటా ఆపేసి మెసేజ్‌ల కోసం దాన్ని అలాగే ఉంచుతాను.

డెబిట్ కార్డు సంగతి. బుక్ చేయగానే చాలా యాప్‌లు అంచనా చార్జీని ముందే బ్లాక్ చేస్తాయి. క్రెడిట్ కార్డైతే ఆ మేరకు లిమిట్ తగ్గుతుంది, అంతే. డెబిట్ కార్డైతే ఖాతాలో ఉన్న అసలు డబ్బే ఆగిపోతుంది. రైడ్ క్యాన్సిలైనా అది తిరిగి కనపడటానికి రోజులు పట్టొచ్చు. పరాయి ఊళ్లో ఖాతా అలా బిగుసుకుపోతే చెయ్యి ఆడదు.

ఇక రోడ్డు మీద ఆపి ఎక్కే టాక్సీలు. లండన్ బ్లాక్ క్యాబ్‌లు 2016 అక్టోబరు నుంచి కార్డు తీసుకోవాల్సిందే, అందుకు అదనంగా వసూలు చేయకూడదు. పారిస్ చార్లెస్ డి గాల్ ఎయిర్‌పోర్టు నుంచి నగరంలోకి 2016 మార్చి నుంచి స్థిర చార్జీ, కాబట్టి మీటర్ వైపు చూస్తూ కూర్చోనక్కర్లేదు. న్యూయార్క్ జేఎఫ్‌కే ఎయిర్‌పోర్టు నుంచి మాన్‌హాటన్‌కి ఎల్లో క్యాబ్ స్థిర చార్జీని 2022 చివర్లో 70 డాలర్లు చేశారు. ఆ అంకె చూసి అదే మొత్తం అనుకోవద్దు. టోలు, సర్‌చార్జీలు, టిప్పు అన్నీ విడిగా పడతాయి. సింగపూర్ మీటర్ టాక్సీలో రద్దీ వేళ 25 శాతం, అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరులోపు 50 శాతం ఎక్కువ. అర్ధరాత్రి దిగే ఫ్లైటైతే ఇది లెక్కలో వేసుకోండి.

కార్డుతో కట్టేటప్పుడు డబ్బు నిజంగా పోయే చోటు ఒకటుంది. డ్రైవర్ మెషీన్ వెనక్కి చాపుతాడు. తెర మీద రెండు వరుసలు: పైన మన కరెన్సీలో మొత్తం, కింద అక్కడి కరెన్సీలో. పైదే పెద్దగా కనిపిస్తుంది, మారకపు రేటు మాత్రం కింద చీమ తలకాయంత. దీన్నే డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు. రేటు కట్టేది మన బ్యాంకు కాదు, ఆ మెషీన్ వెనకున్న కంపెనీ, దాని లాభం ఆ రేటులోనే కలిసి ఉంటుంది. కింది వరుసే నొక్కాలి, ఎప్పుడూ. కొందరు డ్రైవర్లు మనకి సాయం చేస్తున్నట్టు వాళ్లే పైది నొక్కేసి ఇస్తారు. అలా జరిగితే ట్యాప్ చేయకుండా, క్యాన్సిల్ చేసి మళ్లీ కొట్టమంటాను. మొహం చిట్లించినా కొడతారు. ఏటీఎంలోనూ ఇదే ప్రశ్న వేరే వేషంలో వస్తుంది, అక్కడా కన్వర్షన్ వద్దనే అనాలి. కొన్ని యాప్‌ల సెట్టింగ్స్‌లో కూడా ఈ కన్వర్షన్ ఈ మధ్య చేరింది, ఒకసారి తెరిచి చూసుకోండి.

మామూలు క్రెడిట్ కార్డు మీద బ్యాంకు వేసే విదేశీ రుసుము 3 శాతం పైన కూడా ఉండొచ్చు. అది లేని కార్డులూ దొరుకుతున్నాయి, తరచూ తిరిగేవాళ్లు అదే తీసుకోవాలి. ఫారెక్స్ కార్డులో ఆ దేశపు కరెన్సీ నింపుకుంటే ఈ గొడవ ఉండదు. నింపని కరెన్సీలో గీకితే మాత్రం మళ్లీ మార్పిడి రుసుము. రెండు మూడు దేశాల ప్రయాణంలో ఇదే చిరాకు.

నోట్లు ఎందుకంటే బ్యాంకాక్ చూడండి. మీటర్ 35 బాత్‌తో మొదలు, ఎయిర్‌పోర్టులో ఎక్కితే దాని మీద అదనపు రుసుము. ఎక్స్‌ప్రెస్‌వే టోలు మనదే. బూత్ దగ్గర కారు నెమ్మదించగానే డ్రైవర్ చెయ్యి వెనక్కి వస్తుంది, అప్పుడు ఆ చేతిలో వెయ్యి బాత్‌ల నోటు పెడితే మన వెనక కార్ల వరుస పెరుగుతుంది. ఏటీఎం ఇచ్చేది పెద్ద నోట్లే. అందుకే బయటికి రాకముందే ఓ నీళ్ల బాటిల్ కొని విడగొట్టుకుంటాను.

కార్డు మెషీన్ పాడైందనే మాట ఎన్నో ఊళ్లలో విన్నాను. ఎక్కేముందే కార్డు తీసుకుంటారా అని అడిగితే ఈ బెడద సగం తగ్గుతుంది. అయినా చివర్లో అదే పాట పాడితే, మీటర్ ఆపేసి ఏటీఎంకి తీసుకెళ్లమంటాను. ఒకతను అరక్షణం ఆలోచించి, డ్యాష్‌బోర్డు అరలోంచి శుభ్రంగా పనిచేస్తున్న ఇంకో మెషీన్ తీశాడు!

టిప్పు విషయంలో టోక్యో హాయి: ఎవరూ ఆశించరు, మెషీనూ అడగదు. రాత్రి పది దాటాక మాత్రం 20 శాతం ఎక్కువ. న్యూయార్క్ క్యాబ్ తెర 20, 25, 30 శాతం బటన్లు చూపిస్తుంది. వేరే అంకె కొట్టే దారి కూడా అక్కడే ఉంటుంది, తెరని కాస్త వెతకండి.

తిరిగొచ్చాక స్టేట్‌మెంట్‌లో ఒకే రైడ్ రెండుసార్లు కనిపిస్తే కంగారు పడొద్దు, ఒకటి ముందు బ్లాక్ చేసినది, కొన్ని రోజుల్లో దానంతటదే రాలిపోతుంది. రెండూ ఖాయమై కూర్చుంటే యాప్‌లో ఆ రైడ్ తెరిచి అక్కడి నుంచే ఫిర్యాదు పెట్టండి. విడిగా ఈమెయిల్ రాసినప్పటికంటే నాకు అలా పెట్టినప్పుడే జవాబు త్వరగా వచ్చింది.