ముట్టుకోకుండా వార్నిష్ చూసే ఇన్‌ఫ్రారెడ్ యంత్రం: నాలుగేళ్ల వాడకం, ఒక కొబ్బరినూనె అవమానం

ఈ యంత్రం మీద నాకున్న ప్రేమంతా ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు, వస్తువుని ముట్టుకోదు. ఒకటిన్నర సెంటీమీటర్ల దూరంలో నిలబెట్టి నొక్కితే ఇన్‌ఫ్రారెడ్ కాంతి వేసి, తిరిగొచ్చిన దాన్ని చదివి, నిమిషంలో తెర మీద గీత వచ్చేస్తుంది, ఆ గీతలో శిఖరాలు (పీకులు) ఏ అంకె దగ్గర లేచాయో చూసి పూత ఏమిటో చెప్పొచ్చు. అంతకుముందు పాత పూత ఏమిటో తెలియాలంటే స్కాల్పెల్‌తో ఆవగింజలో పదో వంతైనా గీకాలి, గీకడానికి ఇంటివాళ్లు ఒప్పుకోవాలి, ఒప్పుకున్నాక నా చెయ్యి వణక్కూడదు. పూజ చేసే వస్తువైతే ఆ మాట ఎత్తడానికే నోరు రాదు.

స్పెసిఫికేషన్లు కంపెనీ బ్రోచర్‌లోనే ఉన్నాయి, అవి వదిలేస్తున్నా. దీని గురించి చదివినవాళ్లందరికీ ముందు ఇటలీలోని క్రెమోనా ఊరి వయొలిన్లే గుర్తొస్తాయి. ప్యారిస్ సంగీత మ్యూజియంలోని ఆ ఊరి తయారీదారు స్ట్రాడివారి చేసిన 5 వాయిద్యాల మీద 2009 చివర్లో వచ్చిన పరిశోధనలో, అంత పేరున్న ఆ పూత నూనె, పైన్ చెట్టు జిగురు కలిపిన మామూలు సరుకే అని తేలింది. దానికి మాత్రం పిసరంత నమూనాలు తియ్యాల్సి వచ్చింది. ఆ తర్వాత క్రెమోనాలోనే ముట్టుకోకుండా చూడడం బాగా పెరిగింది. అదంతా చదివి తలకెక్కించుకున్నవాణ్ణి నేను, ఇప్పుడు చెప్పబోయే తప్పుకి సగం కారణం అదే.

విజయనగరం వైపు ఒకరింట్లో బొబ్బిలి వీణ, ఒకే పనస దుంగలో చెక్కిన ఏకాండి వీణ. నల్లగా మసిబారింది, శుభ్రం చేసిపెట్టమన్నారు. మెట్ల దగ్గర రీడింగ్ తియ్యకూడదని అప్పటికే దెబ్బతిని నేర్చుకున్నా, అక్కడ మెట్లు నిలబెట్టే తేనెమైనం ఉంటుంది, 720–730 దగ్గర దాని జంట పీకులు పొడుచుకొచ్చి పక్కన ఏముందో కనబడనివ్వవు. అందుకని బుర్ర (వీణకి కుండలా ఉండే భాగం) పైపలక మీద చదునుగా ఉన్నచోట తీశా. 1740కి కాస్త అటూఇటూగా దిట్టంగా ఒక పీక్, 2900కి అటూఇటూగా కొవ్వుల జంట. నూనె వార్నిష్! మన పల్లెలో అవిసె నూనె వార్నిష్, క్రెమోనా లెక్కలో! నిజం చెప్పాలంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎండి గట్టిపడిన నూనె వార్నిష్ స్పిరిట్‌కి (ఆల్కహాల్‌కి) తేలిగ్గా లొంగదు కాబట్టి, పైమసిని కొద్దిగా స్పిరిట్ అద్దిన దూదితో తీసేద్దామని ప్లాన్ కూడా రాసేసుకున్నా.

పొద్దున్నే ఆ ఇంటి పెద్దావిడకి గొప్పగా చెప్తుంటే ఆవిడ మధ్యలోనే ఆపి, "అదేటి బాబూ, ఏటా దసరాకి కొబ్బరినూనె రాసి తుడుత్తాం కదేటి, మా అత్తగారి రోజుల్నుంచీ" అన్నారు.

కొబ్బరినూనె ఎండదు. ఏళ్లు గడిచినా జిడ్డుగానే ఉండి దుమ్ముని పట్టుకుంటుంది. ఈ యంత్రం చూసేది ఉపరితలాన్నీ, దాని కింద కొద్ది మైక్రాన్లనీ. నేను చదివింది వార్నిష్‌ని కాదు, దసరా పూజని. వీణ మీద వేలు ఒక్కసారి రాసి ఉంటే జిడ్డు తెలిసిపోయేది, కానీ ముట్టుకోకుండా పని చేస్తున్నానన్న గర్వం నాది. వాళ్లని అడిగి, కనబడని మూల ఒకచోట పెట్రోలియం స్పిరిట్‌తో (ఇది ఆల్కహాల్ కాదు, పెట్రోలు జాతి ద్రవం) జిడ్డు మాత్రం తీసి (ఇక దీన్ని ముట్టుకోని పరీక్ష అనొచ్చా అని అడక్కండి) మళ్లీ రీడింగ్ తీస్తే 1735, 1715 ప్రాంతంలో రెండు కలిసిన పీక్, 1250 దగ్గర ఇంకొకటి. చపడా. లక్క పాలిష్, మన వడ్రంగులు అందరూ ఎరిగిందే. లక్క ఆల్కహాల్‌లో కరిగిపోతుంది, నా ప్లాన్ ప్రకారం స్పిరిట్ దూది పెట్టి ఉంటే మసితోపాటు పూత కూడా దూదిలోకే వచ్చేసేది. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ టెన్షనే.

ఇంకా సిగ్గుపడాల్సిన విషయం, నా బ్యాగులో యూవీ టార్చి ఉంది. జిడ్డు తుడిచినచోట చీకట్లో వేసి చూస్తే లక్క నారింజ రంగులో మెరిసింది. యంత్రానికి పెట్టిన ఖర్చుతో అలాంటి టార్చీలు ఒక లారీడు వస్తాయి.

కాబట్టి మొదటి ఏడాది నేను దీన్ని పొగిడిన పొగడ్తల్లో కొన్ని వెనక్కి తీసుకుంటున్నా. చదును ఉపరితలం మీద బంగారమే. వీణ బుర్ర వెనక గుండ్రం మీద మాత్రం కాంతి తలోదిక్కుకి పోయి గీత నీరసంగా వస్తుంది, యంత్రం ఒకసారికి చూసే ఆరు మిల్లీమీటర్ల చుక్కలో యాళి ముఖం (వీణ చివర ఉండే సింహంలాంటి తల) చెక్కడాలు అసలు కుదరవు. నునుపైన మెరుపు పూత మీద పీకులు వంకర తిరిగి వస్తాయి, సాఫ్ట్‌వేర్‌లో ఉండే క్రామర్స్–క్రోనిగ్ అనే గణిత లెక్కతో సరిచేసుకోవచ్చు, గరుకు ఉపరితలం మీద ఆ లెక్కే మనల్ని దారి తప్పిస్తుంది. సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన లైబ్రరీలో (పోల్చి చూసుకునే తెలిసిన పదార్థాల గీతల జాబితాలో) మన గుగ్గిలం పత్తా లేదు. చపడా, గుగ్గిలం, అవిసె నూనె పనస చెక్క ముక్కల మీద నేనే పూసి, ఎండబెట్టి, రీడింగులు పోగేసుకున్నా, ఇప్పుడు ఆ జాబితాలో కొబ్బరినూనె కూడా చేరింది. విశాఖ వానాకాలంలో గాలి తేమ సరిగ్గా 1700 చుట్టూ రంపపు పళ్లలాగా దిగుతుంది, పావుగంటకోసారి బంగారు అద్దం పెట్టి బ్యాక్‌గ్రౌండ్ (వస్తువు లేకుండా గాలి ఒక్కదాని రీడింగ్, తర్వాత తీసేసుకోవడానికి) తీసుకోవాల్సిందే. తేమ పీల్చే సిలికా జెల్ మార్చడం మర్చిపోయిన ఒక జులైలో లోపలి భాగం తేమకి మసకబారింది, సర్వీసుకి పంపితే రెండు నెలలు పట్టింది. తప్పు నాదే అనుకోండి.

కొనమంటారా అని అడిగేవాళ్లకి నేను సరైన మనిషిని కాను. నాది సెకండ్ హ్యాండ్‌ది, కాలేజీలో పాఠాలు చెప్పే స్నేహితుడితో కలిసి కొన్నది, ఆరు నెలలు అతని దగ్గర, ఆరు నెలలు నా దగ్గర. ఒక్కడినే మొత్తం డబ్బు పెట్టాల్సి వస్తే కొనేవాణ్ణి కాదేమో. మ్యూజియంలో పని చేస్తూ, గీకడానికి ఎన్నటికీ అనుమతి రాని వస్తువులు వందల్లో ఉన్నవాళ్లకి లెక్క వేరు. నా మటుకు నేను రీడింగ్ తీసేముందు ఇప్పుడు రెండు పనులు చేస్తున్నా, టార్చి వేస్తా, ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఉంటే పండక్కి దీనికి ఏం రాస్తారని అడుగుతా.