ఆదివారం పిల్లలతో వంట: ఉగ్గానా, కేకా?

అనంతపురంలోని మా ఇంట్లో ఆదివారం ఉదయం పిల్లలను వంటగదిలోకి పిలిచినప్పుడు ప్రతిసారీ తలెత్తే ప్రశ్న ఇదే: బొరుగులతో (మరమరాలతో) చేసే మా రాయలసీమ ఉపాహారం ఉగ్గాని చేయాలా, కేకు చేయాలా? కేకుకు కొలతలు ప్రాణం. మైదా, చక్కెర, వంటసోడా కొలిచి కలపడం, పెరుగులోని పులుపు తగలగానే సోడా నుంచి బొగ్గుపులుసు వాయువు వెలువడి పిండి పొంగడం ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు మంచి సైన్సు పాఠమే. అయితే 180 డిగ్రీల వేడిలో అది తయారయ్యే 35, 40 నిమిషాలూ వాళ్లకు చేయడానికి పనేమీ ఉండదు. ఆత్రంతో మధ్యలో ఓవెన్ తలుపు తెరిస్తే కేకు కుంగిపోతుంది, మాకు ఒకసారి అలాగే అయింది.

చిన్నపిల్లలున్న ఇంటికైతే నా ఓటు ఉగ్గానికే. బొరుగులను నీళ్లలో ముంచి, మెత్తబడగానే రెండు చేతులతో పిండడం నాలుగేళ్ల పిల్లలకూ చేతనవుతుంది. ఆలస్యం చేస్తే ముద్దయిపోతాయి, మరీ గట్టిగా పిండితే నలిగిపోతాయి, ఆ ఒడుపు వేళ్లకే తెలియాలి. పుట్నాల పప్పులు, ఎండుకొబ్బరి, వెల్లుల్లి కలిపి పొడి కొట్టేలోపు సగం పప్పులు వాళ్ల నోట్లోకే పోతాయి, అది వేరే సంగతి. తిరగమోతను, ఉగ్గానితో పాటు తినడానికి నూనెలో వేగే మిరపకాయ బజ్జీలను మాత్రం పెద్దలే చూసుకోవాలి.