కావలిలో నేను కటింగ్‌కి వెళ్ళే సెలూన్

కావలి బస్టాండు నుంచి ఉదయగిరి రోడ్డు వైపు కాస్త నడిస్తే వస్తుంది ఈ సెలూన్. రెండు కుర్చీలు, ఒక బల్ల, గోడకో ఫ్యాను. ఏసీ లేదు. కటింగ్ 120, గడ్డం 60. బ్లేడు మన కళ్ళముందే కొత్తది విరిచి పెడతాడు. ఒకరికి కప్పిన గుడ్డ ఉతక్కుండా ఇంకొకరికి కప్పడు. చెవుల వెనక కూడా ఓపిగ్గా చూస్తాడు. ఇంతవరకైతే మా కలిగిరిలోనూ దొరుకుతుంది. అయినా నెలకోసారి బస్సెక్కి ఇక్కడికే వస్తాను. ఎందుకో చెప్తాను.

అద్దం పక్కన నోటుబుక్కు కాగితం ఒకటి అంటించి ఉంటుంది. "ఇంట్లో ఆడమనిషిని ఎవరైనా కొడుతుంటే 181. ప్రాణం మీదికొస్తే 112." నీళ్ళ తుంపర పడి అంకెలు అలుక్కుపోయినప్పుడల్లా బాల్‌పెన్‌తో మళ్ళీ దిద్దుతాడు. 181 దగ్గర కాగితం కాస్త చిరిగింది కూడా, అన్నిసార్లు దిద్దాడు.

పోయిన నెల నా ముందే జరిగింది. పక్క కుర్చీలో ముప్పయ్యేళ్ళ అబ్బాయి. ఫోన్‌లో భార్యతో మాట్లాడుతూ గొంతు పెంచాడు. "ఇంటికొస్తా ఉండా, అప్పుడు చెప్తా నీ పని" అన్నాడు. మా సెలూన్ తమ్ముడు కత్తెర ఆపేశాడు. "తల కదులుతా ఉందన్నా, కత్తెర పెట్టలేను. పోన్ పక్కన పెట్టు" అన్నాడు. ఆ అబ్బాయి పెట్టాడు. చల్లటి నీళ్ళలో తడిపిన గుడ్డ మెడ మీద వేసి, టీ తెప్పించి, కాసేపు ఊరుకున్నాడు. తర్వాత మెల్లగా, "మీ నాయన మీ అమ్మని కొట్టేవాడా?" అని అడిగాడు. ఆ అబ్బాయి అద్దంలోకి చూడలేదు, ఒళ్ళో ఉన్న తన చేతులకేసి చూసుకున్నాడు. "ఊఁ" అన్నాడు, అంతే. సగం కటింగ్‌తో గంటసేపు అక్కడే కూర్చున్నాడు. నాకు ఆలస్యమైంది, ఏం బాధలేదు.

ఈ సంగతి మా మేనల్లుడికి ఫోన్‌లో చెప్పాను. వాడు న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. "మావయ్యా, అచ్చం ఇలాంటి మనిషి మా ఊళ్ళో కూడా ఉన్నాడు" అన్నాడు. మాట్ బ్రౌన్ అని, పసిఫిక్ సముద్రంలోని సమోవా దీవుల మూలాలున్న మనిషి. ఇంట్లో దెబ్బలు చూస్తూ పెరిగాడు. పెరట్లో రేకుల షెడ్డులో క్షవరం మొదలుపెట్టి తర్వాత సెలూన్ పెట్టాడు. కుర్చీలో కూర్చున్న మగవాళ్ళు తమ ఇళ్ళ సంగతి చెప్పుకోవడం మొదలైంది. ఆయనా భార్యా కలిసి 2019లో షీ ఈజ్ నాట్ యువర్ రిహాబ్ అనే ఉద్యమం మొదలుపెట్టారు. నీ చిన్ననాటి గాయానికి మందు నీ భార్య ఒంటి మీద వెతకొద్దు అని దానర్థం.

మేనల్లుడు ఇంకో మాట చెప్పాడు, అది నన్ను నిద్రపోనివ్వలేదు. సమోవా వాళ్ళలో అన్నకీ చెల్లెలికీ మధ్య ఫెయాగైగా అని ఒక కట్టుబాటు ఉందట. చెల్లెలిని గౌరవించి కాపాడటం అన్న బాధ్యత. అదే పిల్ల పెళ్ళై మొగుడి వాళ్ళ మధ్యకి పోతే నొఫోతానే అవుతుంది, అంటే అత్తింట ఉండే కోడలు. అక్కడ చాకిరీ ఆమెది, మాట వాళ్ళది. పుట్టింట మహాలక్ష్మి, అత్తింట పనిమనిషి. మన దగ్గర వేరేగా ఉందా?

వాడు ఎవరిని ఉద్దేశించి అన్నాడో నాకు తెలుసు. వాళ్ళమ్మ నా చెల్లెలే. మూడుసార్లు చేతిసంచితో, ఉబ్బిన చెంపతో మా గడప తొక్కితే, మూడుసార్లూ "సర్దుకుపోమ్మా" అని నేనే బస్సెక్కించాను. టికెట్ కూడా నేనే కొట్టాను, అది నా డ్యూటీ బస్సు. వీడు అప్పుడు ఆరేళ్ళవాడు, కిటికీలోంచి నన్నే చూస్తూ వెళ్ళాడు. ఒక పోలీస్ స్టేషన్‌లో కూడా ఇదే మాట చెప్పి పంపారు. నాలుగోసారికి నా భార్య గడపకి అడ్డం నిలబడి, "ఇంక పంపితే నేనూ పోతా" అంది. అప్పటికిగానీ నాకు తెలివి రాలేదు.

అంతా సారా వల్లే అనుకునేవాళ్ళం. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మీదికి పోయినప్పుడు నేను ఆ రూటులోనే ఉన్నాను. బస్సులో ఆ మాటే. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్ అయ్యిందంటే ఆ తల్లుల పుణ్యమే, వాళ్ళకి చేతులెత్తి మొక్కుతాను. కానీ మా బావ చుక్క ముట్టడు. తాగకుండానే కొట్టేవాడు. తాగితే చెయ్యి తొందరగా లేస్తుందేమో, కానీ పెళ్ళాం తన సొత్తన్న బుద్ధి సీసాలోంచి రాదు.

ఈ తమ్ముడిలో నాకు బాగా నచ్చింది, పెద్దమనిషిలా పంచాయితీ చెయ్యడు. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టడు. భయపడే మనిషి కొట్టేవాడి ముందు ఏం నోరు విప్పుతుంది? "మీ ఆవిడ ఇట్లా చెప్పిందంట" అని చచ్చినా అనడు, ఆ మాటకి ఆ రాత్రి ఆమెకే దెబ్బలు. ఆడవాళ్ళు సెలూన్‌కి రారు కాబట్టి పక్కనున్న లేడీస్ టైలరమ్మ దగ్గర చీటీలు పెట్టాడు. కొలతలు రాసిచ్చే చీటీ లాంటిదే, వెనక 181 ఉంటుంది. మొగుడు ఫోన్ చూసే ఇల్లయితే వేరేవాళ్ళ ఫోన్ నుంచి చెయ్యమని ఆమె చెప్పి పంపుతుంది. 2005 గృహహింస చట్టం ప్రకారం భార్యని కాపురముంటున్న ఇంట్లోంచి ఊరికే గెంటెయ్యడానికి లేదనీ, ఆ ఇల్లు మొగుడి పేరున ఉన్నా అంతేననీ, కొట్టడమే కాదు, డబ్బులివ్వకుండా మాడ్చడం, రోజూ బూతులు తిట్టడం కూడా హింసేననీ నాకు తెలిసింది ఆ టైలరమ్మ దగ్గరే. చెల్లెలి రోజుల్లో ఈ చట్టం లేదు.

లోటు ఒకటుంది. కుర్చీలో తల ఊపిన మగాడు ఇంటికెళ్ళి ఏం చేస్తాడో మనకి తెలియదు. తమ్ముడికీ తెలియదు, అదే అతని దిగులు. "ఒకడు నా దగ్గర ఏడ్చి పోయి, ఆ వారమే మళ్ళీ కొట్టినాడు పెదనాయనా" అని ఒకసారి నాతో అన్నాడు. అలాంటివాడి విషయంలో మాటలతో సరిపెట్టకుండా 181కి ఫోన్ చేయిస్తున్నాడు ఇప్పుడు.

మొన్న సంక్రాంతికి మేనల్లుడు వచ్చాడు. తీసుకెళ్ళాను. మాట్ బ్రౌన్ సంగతి వాడు చెబుతుంటే తమ్ముడు దువ్వెన పట్టుకుని అలాగే నిలబడి విన్నాడు. "ఆయన కూడా చిన్నప్పుడు చూసినాడా?" అని ఒక్కటే అడిగాడు. వీడు అవునన్నాడు. "నేను కూడా" అన్నాడు తమ్ముడు. "నేనూ" అన్నాడు మా వాడు. ఇంక మాటల్లేవు, కత్తెర చప్పుడే. వాడి దగ్గర డబ్బులు తీసుకోలేదు.

ఆదివారం పోతే రెండు గంటలు కూర్చోవాలి, బుధవారం పొద్దున్నే పోండి. మంగళవారం సెలవు.