అమూర్ పిల్లలు: ఏడు నెలల తర్వాత తూకం వేస్తే

బెంగళూరు దగ్గర హెసరఘట్ట వైపు ఒక ప్రైవేటు ఫారంలో పోయిన జూలైలో అమూర్ రకం బంగారుతీగ చేపపిల్లలు 400 కొన్నాను. పిల్ల మూడు రూపాయలు. ఫారం ఆయనది చింతామణి, తెలుగే. మాది ఆకివీడు అని చెప్పగానే "అయితే మీకు నేను చెప్పేదేముంది సార్" అన్నాడు. ఇంటికొచ్చి లెక్కపెడితే 352 ఉన్నాయి!

మా నాన్నకు బంగారుతీగ అంటే పడదు, గట్లు తవ్వేస్తుందని. దొడ్డబళ్ళాపూర్ దగ్గర నా కుంటకి టార్పాలిన్ పరిచాం కాబట్టి ఆ గొడవ లేదు. అసలు గొడవ ఇక్కడి పాత రకం బంగారుతీగతోనే. ఆరు నెలలకే గుడ్లకొచ్చి, కుంటలోనే పిల్లలు పెట్టి, తవుడంతా ఆ పిల్లలకే పోతుంది. అమూర్ హంగరీ నుంచి తెచ్చిన రకం, ఆలస్యంగా గుడ్లకొస్తుంది. కర్ణాటకలో పరీక్షించినప్పుడు పాతదానికంటే పాతిక శాతం పైగా ఎక్కువ పెరిగిందంటారు.

నమ్మకం కుదరక అదే సైజు పాత రకం పిల్లలు 40 తెచ్చి, మా అమ్మాయి, నేను కూర్చుని గోళ్ళ కత్తెరతో ఒక్కోదానికి పొట్ట కింద రెక్క కత్తిరించి కలిపి వదిలాం. అదే నీళ్ళు, అదే మేత. ఫిబ్రవరిలో వల లాగితే గుర్తు పెట్టినవి 31 దొరికాయి. సగటు 470 గ్రాములు. అమూర్ 60 తూచాం, సగటు 610. పాతవాటిలో పది కోస్తే ఆరింటికి కడుపు నిండా గుడ్లే, అంటే ఆ 470లో గుడ్ల బరువూ కలిసే ఉంది. అమూర్‌లో పది కోస్తే ఒక్కదానికే గుడ్లు.

అయితే అన్నీ ఒకేలా పెరగలేదు. అదే వలలో 1,100 గ్రాములదీ ఉంది, 340దీ ఉంది. రకం మంచిదైనా అన్నదమ్ములందరూ ఒకే ఎత్తు ఉండరు కదా.

నాకు నచ్చనిది వేరే ఉంది. తల్లిచేపలు ఎన్ని అని ఫారం ఆయన్ని అడిగితే ఆరు ఆడవి, నాలుగు మగవి అన్నాడు. కొత్తవి కావాలంటే వాటి పిల్లల్లోంచే తీసుకుంటాడట. అలా అయితే నాలుగు తరాలకి అన్నీ దగ్గర చుట్టాలే అవుతాయి, పెరుగుదల పడిపోతుంది. బయటి నుంచి తల్లిచేపలు తెమ్మంటే "చూద్దాం సార్" అన్నాడు.

చేపకు నాలుగు స్టార్లు, ఫారానికి రెండున్నర. వెళ్ళేవాళ్ళు సంచి కట్టకముందే పిల్లల్ని ఎదురుగా లెక్కపెట్టించుకోండి.