వార్ఫరిన్ బిళ్ళా, హెపారిన్ సూదా?

మా వదినకి గుండెలో లోహపు వాల్వు. రోజూ వార్ఫరిన్ వేసుకోవాల్సిందే. కడుపుతో ఉంది, ఆరో నెలలో పన్ను వాచింది. కావలిలో మందుల షాపతను మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ ఇవ్వబోయాడు.

వార్ఫరిన్ విటమిన్ కె‌ని అడ్డుకుని రక్తాన్ని పలచగా ఉంచుతుంది. మెట్రోనిడజోల్ వార్ఫరిన్‌ని కాలేయంలో త్వరగా విరగనివ్వదు. పైగా యాంటీబయాటిక్‌ వల్ల పేగుల్లో విటమిన్ కె తయారుచేసే బ్యాక్టీరియా తగ్గొచ్చు. ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతుందో చెప్పే లెక్క) పైకెక్కుతుంది, చిగుళ్ళలోంచి రక్తం కారుతుంది. వార్ఫరిన్ మాయ దాటి బిడ్డకీ చేరుతుంది.

హెపారిన్ కూడా రక్తం గడ్డకట్టకుండా ఆపే మందే, కానీ మాయ దాటదు, దానికి విటమిన్ కె‌తో పనిలేదు. ఈ గొడవ తక్కువే. కానీ రోజూ పొట్టమీద పొడుచుకోవాలి, అక్కడంతా కమిలిన మచ్చలు. వాల్వు మీద గడ్డ కట్టకుండా ఆపడంలో మాత్రం వార్ఫరినే గట్టిది.

నెల్లూరు డాక్టరమ్మ వార్ఫరిన్ ఆపలేదు. మెట్రోనిడజోల్ బదులు అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ రాసి, మూడో రోజే ఐఎన్ఆర్ చేయించుకోమంది.