నీటి రాకెట్‌కు నిటారు రెక్కలా, వాలు రెక్కలా?

నీటి రాకెట్ అంటే కొన్ని నీళ్లు పోసిన సీసాలోకి పంపుతో గాలి కొడితే, ఆ ఒత్తిడికి నీళ్లు కిందికి చిమ్మి పైకి ఎగిరేది. దాని రెక్కలను సీసా పొడవు వెంబడి తిన్నగా అతికిస్తే నిటారు రెక్కలు, కొంచెం ఏటవాలుగా అతికిస్తే వాలు రెక్కలు. ఖర్చులో తేడా లేదు. రెండింటికీ శీతల పానీయపు సీసా, అట్టముక్కలు, సైకిల్ పంపు కావాలి.

నిటారు రెక్కలను అతికించడం సులువు. వాలు రెక్కలన్నీ ఒకే దిశలో, ఒకే కోణంలో ఉండాలి.

రాకెట్‌లో ఏ కాస్త వంకర ఉన్నా అది ఒకే పక్కకు లాగుతుంది. వాలు రెక్కల వల్ల కలిగే భ్రమణం, అంటే రాకెట్ తన చుట్టూ తాను తిరగడం, ఆ లాగుడును అన్ని వైపులకూ పంచుతుంది కాబట్టి దారి తిన్నగా ఉంటుంది, కానీ గాలి నిరోధం పెరిగి ఎత్తు తగ్గుతుంది, పారాచూట్ దారాలు మెలిపడే ప్రమాదమూ ఉంది.

విశాఖ తీరంలో మధ్యాహ్నపు సముద్రపు గాలికి రెండూ గాలికి ఎదురుగా, అంటే సముద్రం వైపే మొగ్గుతాయి. భ్రమణం దీన్ని ఆపుతుందని ఆశించకూడదు. జనం తిరిగే ఆర్కే బీచ్ కంటే, గాలి నెమ్మదిగా ఉన్న ఉదయం ఖాళీ మైదానమే మేలు.

ఎత్తూ పారాచూటూ ముఖ్యమైతే నిటారు రెక్కలు, సీసా కొంచెం వంకరగా ఉండి తిన్నని దారే కావాలంటే వాలు రెక్కలు తగినవి.