ఒక నల్ల శిలువ వెంట జర్మనీలో పదకొండు రోజులు

మ్యూనిక్‌లో తెరేజియన్‌వీసె మైదానంలో ఏటా వసంతంలో ఒక శనివారం పాత సామాన్ల సంత జరుగుతుంది. రెడ్‌క్రాస్ వాళ్లు నడిపే సంత. 2023లో మా అబ్బాయి ఇంటికి వెళ్లినప్పుడు తెల్లవారకముందే లేచి పోయాను. ఒక పెద్దాయన నేల మీద దుప్పటి పరిచి కూర్చున్నాడు. ఆయన ముందున్న రేకు డబ్బాలో శిలువ ఆకారపు సైనిక పతకాలు మూడు, నాలుగు మడతలు పెట్టిన ఒక కాగితం.

మొదటిది 1914 నాటి ఐరన్ క్రాస్, రెండో తరగతి. రెండోది దక్షిణ జర్మనీలోని బవేరియా రాజ్యం ఇచ్చిన మిలిటరీ మెరిట్ క్రాస్. మధ్యలో రెండో లుడ్విగ్ రాజు పేరులోని ‘ఎల్’ అక్షరం, వెనక సింహం, 1866 అన్న అంకె. ఐరన్ క్రాస్ నడిమి భాగం ఇనుము, అంచు వెండి. నా జేబులో ఎప్పుడూ ఉండే చిన్న అయస్కాంతం పెట్టి చూస్తే నడిమికి అంటుకుంది. వెండి అంచు రెండు సగాలను కలిపి అతికిన గీత భూతద్దంలో కనిపించింది. ఒకే అచ్చులో పోసిన నకిలీకి ఆ గీత ఉండదు. మూడోది నల్ల రంగు పూసిన ఇనప శిలువ. కాగితం దానిదే. కాగితం మీది ముద్రకు తెల్ల స్టిక్కర్ అంటించి ఉంది. నాజీ చిహ్నాలు బహిరంగంగా చూపితే అక్కడి శిక్షాస్మృతి 86ఎ సెక్షన్ కింద నేరం కాబట్టి సంతల్లో ఇలా కప్పి పెడతారు.

బేరమాడి 70 యూరోలకు మూడూ తీసుకున్నాను. మూడూ ఒకే సిపాయివనీ, కాగితం మీద ఉన్నది ఆయన పేరేననీ అమ్మినాయన చెప్పాడు. ఇంటికొచ్చాక మా అబ్బాయి కాగితం వెలుతురులో పట్టుకుని చూశాడు.

“నాన్నా, ఇది ఆడమనిషి పేరు. ముందర ‘విట్వె’ అని ఉంది చూడు.”

విట్వె అన్నా, మన విధవ అన్నా ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు. 1934 జులై 13న అప్పటి జర్మనీ అధ్యక్షుడు హిండెన్‌బుర్గ్ పేరు మీద పెట్టిన శిలువ అది. మొదటి ప్రపంచయుద్ధంలో ముందు వరుసన పోరాడినవాళ్లకు కత్తులున్నది, మిగతా సైనికులకు కత్తుల్లేనిది, చనిపోయినవాళ్ల భార్యలకూ తల్లిదండ్రులకూ నల్లది ఇచ్చారు. యుద్ధం ముగిసిన పదహారేళ్లకు ఆ ఇల్లాలికి అందింది ఇనప ముక్క ఒకటి, ఈ కాగితం ఒకటి. ఆమె భర్త ఎవరు, ఎక్కడ పోయాడు? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 2024 మే నెలలో ఇందుకోసమే మళ్లీ వెళ్లాను.

ఇలాంటి పనికి వెళ్లేవాళ్లు ముందు తెలుసుకోవలసింది ఒకటే, మీ సిపాయి ఏ రాజ్యం వాడు అని. మొదటి యుద్ధం నాటికి జర్మనీలో భాగమైన ప్రష్యా, బవేరియా, సాక్సనీ, వుర్టెంబెర్గ్‌లకు వేర్వేరు యుద్ధ మంత్రిత్వ శాఖలు ఉండేవి. ఎవరి రికార్డు వాళ్లది. ప్రష్యా సైన్యం కాగితాలు పోట్స్‌డామ్‌లో ఉండగా 1945 ఏప్రిల్‌లో జరిగిన బాంబు దాడిలో చాలావరకు కాలిపోయాయి. అందుకే ప్రష్యా సిపాయి పతకం ఎంత అందంగా ఉన్నా దాని వెనక మనిషి దొరకడం కష్టం. బవేరియా వాడైతే మాత్రం మ్యూనిక్‌లోని యుద్ధ రికార్డుల భాండాగారంలో దొరుకుతాడు. దాని పేరు క్రీగ్స్‌ఆర్కీఫ్. రెండో తరగతి ఐరన్ క్రాస్‌లు ఆ యుద్ధంలో సుమారు 50 లక్షలు పంచారు. వాటిలో ఒకటి ఎవరిదో తేల్చగలిగే చోటు ఉండటమే నాకు అద్భుతంగా తోచింది.

క్రీగ్స్‌ఆర్కీఫ్ లియోన్‌రోడ్ వీధిలో ఉంది. ట్రామ్ దిగి నడిచిపోవచ్చు. సంచి, కోటు లాకర్‌లో పెట్టాలి, లోపలికి పెన్ను తేకూడదు, పెన్సిలే. దరఖాస్తు నింపించుకున్నారు, నా దగ్గర రుసుం ఏమీ తీసుకోలేదు. సిపాయిల వివరాలు రాసిన రిజిస్టర్లను ‘క్రీగ్స్‌స్టామ్‌రోల్లె’ అంటారు. చందా కడితే వాటిని ఇంటర్నెట్‌లోనూ చూడొచ్చు. అయినా అక్కడికే వెళ్లమంటాను, ఎందుకంటే చదవడమే అసలు సమస్య. ఆ పాత చేతిరాతను కుర్రెంట్ అంటారు. నేటి జర్మన్లకే అది కొరుకుడు పడదు.

నేను రెవెన్యూలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ముసలి కరణం గారు నాకు గొలుసుకట్టు చదవడం నేర్పారు. కలం ఎత్తకుండా రాసిన ఆ వరసల్లో ముందు తెలిసిన ఊరి పేరు పట్టుకో, దాని అక్షరాలతో మిగతావి విప్పుకో అనేవారు. అదే కిటుకు ఇక్కడా పనిచేసింది. రేగెన్స్‌బుర్గ్ అన్న ఊరి పేరులోంచి నాలుగైదు అక్షరాలు దొరికాయి, వాటితో మిగతావి. ఆగిపోయిన చోట గదిలో పనిచేసే ఆవిడ వచ్చి వేలు పెట్టి చదివి చెప్పింది. మూడు రోజుల్లో ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

పేజీ దొరికింది. చూడగానే అడంగల్ గుర్తొచ్చింది, అడ్డంగా అన్ని గడులు. వరస నంబరు, హోదా, పేరు, మతం, పుట్టిన ఊరు, వృత్తి, భార్య పేరు, పిల్లలెందరు, తల్లిదండ్రులు, పాల్గొన్న పోరాటాలు, పతకాలు, నడవడి, శిక్షలు, చివర రిమార్కులు. మా సిపాయి వడ్రంగి. 11వ బవేరియా పదాతి దళం. ఇద్దరు పిల్లలు. భార్య పేరు నా దగ్గరున్న కాగితం మీది పేరే. పతకాల గడిలో రెండు శిలువలకూ తేదీలున్నాయి. పోరాటాల గడిలో ఫ్రాన్స్‌లోని సాన్ మియెల్, తర్వాత వెర్దూన్. రిమార్కుల్లో 1916, తలకు గాయం, మరణం. అక్కడ సిరా రంగు మారింది, చేతిరాత కూడా వేరే వాళ్లది. పెన్సిలుతో ఆ పేజీ మొత్తం నా నోటు పుస్తకంలోకి గడి గడిగా దింపుకున్నాను. ఆయన పేరు ఇక్కడ రాయను, వారసులు ఉండి ఉంటారు.

బస మా అబ్బాయి దగ్గరే. హోటల్లో దిగేవాళ్లు సెప్టెంబరు చివరి రోజులు తప్పించండి, బీరు పండగకు గదుల అద్దెలు ఆకాశానికి పోతాయి.

ఇంగోల్‌స్టాట్ మ్యూనిక్ నుంచి ఒక్క రోజులో వెళ్లి రావచ్చు. బవేరియా సైనిక మ్యూజియం అక్కడ డాన్యూబ్ ఒడ్డున పాత కోటలో ఉంది. మొదటి యుద్ధం విభాగం మాత్రం నదికి అవతల, రెడ్విట్ టిల్లీ అనే బురుజులో. చాలామంది కోట చూసి తిరిగొచ్చేస్తారు. నా సలహా, ముందు వంతెన దాటండి. 1914లో వెళ్లిన మనిషి ఒంటి మీద ఏముంది, 1918కి ఏం మారింది అన్నది అక్కడ అర్థమవుతుంది. పేజీలో చదివిన వడ్రంగికి ఒక రూపం వచ్చింది నాకు. సోమవారం సెలవు.

డ్రెస్డెన్‌లో జర్మన్ సైన్యం నడిపే పెద్ద మ్యూజియం ముందటి ఏడు చూశాను. పాత భవనాన్ని చీల్చుకుని వచ్చే డానియల్ లీబెస్‌కిండ్ కట్టిన లోహపు కొన 2011లో తెరిచారు. యుద్ధం గురించి ఆలోచింపజేస్తుంది కానీ పతకాలు పరిశీలించేవాళ్లకు మొదటి మజిలీ కాదు.

మ్యూనిక్ నుంచి రాష్టాట్‌కు ప్రాంతీయ రైళ్లలో అయిదు గంటలు దాటింది. అప్పట్లో నెలకు 49 యూరోల టికెట్‌తో దేశమంతా ఆ రైళ్లెక్కొచ్చు, కానీ అది చందా, పదో తేదీలోపు రద్దు చేసుకోకపోతే మరుసటి నెల డబ్బులు కూడా పోతాయి. ఊళ్లో రాజభవనంలోనే సైనిక చరిత్ర మ్యూజియం. ఆ ప్రాంతాన్ని ఏలిన బాడెన్ పాలకులు 1807లో స్థాపించిన కార్ల్ ఫ్రీడ్రిష్ పతకం సంగతులు తెలుసుకోవాలంటే ఇదే చోటు. జనం తక్కువ, అద్దానికి ముక్కు ఆనించి ఎంతసేపైనా చూడొచ్చు. ఒక కుటుంబం నడిపే సత్రంలాంటి చోట దిగాను, కింద భోజనశాల, పైన గదులు. మాంసం తిననంటే ఆ ఇంటావిడ వెన్నతో, చీజ్‌తో వేడి వేడి ష్పెట్స్‌లె అనే గోధుమపిండి నూడుల్స్ వడ్డించింది. నా కందిపొడి కలుపుకుంటే అమృతం. అన్ని బసల్లో నాకు నచ్చింది ఇదే.

ఫ్రైబుర్గ్‌లో అలా జరగలేదు. రైలు ఆలస్యమై రాత్రి ఎనిమిదికి చేరాను. గది తీసుకున్న చోట ఆరింటికే తలుపు మూసేసి వెళ్లిపోయారు, తాళం పెట్టె నంబరు నాకు పంపనే లేదు. గంటన్నర మెట్ల మీద కూర్చున్నాను. పక్కింటి కుర్రాడు ఎవరికో ఫోన్ చేసి తలుపు తీయించాడు. గది తీసుకునేటప్పుడే రాత్రి తాళం సంగతి రాతపూర్వకంగా అడగండి. తెల్లారాక వీధుల పక్కన బారెడు వెడల్పు లేని కాలువల్లో నీళ్లు పారుతుంటే మా పొలాల బోదెలు గుర్తొచ్చి కోపం తగ్గింది.

అక్కడికి వెళ్లింది వేరే పని మీద. దేశ సైనిక రికార్డుల భాండాగారం ఫ్రైబుర్గ్‌లోనే ఉంది. ప్రష్యా సైన్యం కాగితాలు కాలినా నౌకాదళం కాగితాలు బతికాయి. యుద్ధం చివర్లో వాటిని బవేరియాలో టాంబాఖ్ అనే కోటకు చేర్చారు, బ్రిటిష్ వాళ్లు పట్టుకుపోయి తర్వాత తిరిగిచ్చారు. మా నాయనమ్మ 1914 సెప్టెంబరు 22 రాత్రి చెన్నపట్నంలో ఉంది, పన్నెండేళ్ల పిల్ల. జర్మన్ యుద్ధనౌక ఎండెన్ వేసిన గుండ్లకు రేవు దగ్గర నూనె ట్యాంకులు అంటుకుని ఆకాశం ఎర్రబడిందని చెప్పేది. ఆ ఓడ నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర ధ్వంసమైంది. తర్వాత అదే పేరుతో కట్టిన ఓడ ముక్కు మీద పెద్ద ఐరన్ క్రాస్ బిగించారు. పాత ఓడలో బతికిన నావికులు ఇంటిపేరు పక్కన ఎండెన్ అని చేర్చుకునేందుకు అనుమతి పొందారు. ఆ ఓడను గురించిన ఫైళ్ల ముందు కూర్చుంటే నాయనమ్మ గొంతు వినిపించినట్టే ఉంది. ఇక్కడికి ముందే మెయిల్ రాసి కుర్చీ, ఫైళ్లు రెండూ ఖాయం చేసుకున్నాకే రైలెక్కండి.

పదో రోజు రేగెన్స్‌బుర్గ్ వెళ్లి, అక్కడి నుంచి బస్సులో వడ్రంగి పుట్టిన ఊరు చేరాను. చర్చి పక్కన స్మారక శిల. పేర్ల వరసలో 1916 కింద పైనుంచి ఆరోది ఆయనది. నా నోటు పుస్తకంలోని స్పెల్లింగుకూ దానికీ ఒక్క అక్షరం తేడా. జేబులోంచి నల్ల శిలువ తీసి కాసేపు శిల కింద గట్టు మీద పెట్టాను. ఎవరూ రాలేదు. తిరుగు బస్సు సాయంత్రం నాలుగుంబావుకి, అదే ఆఖరిది. ఆదివారం బస్సు లేదు, వెళ్లేవాళ్లు శనివారం మధ్యాహ్నంలోపే పని చూసుకోండి.